పాత తొట్టికి మళ్లీ నీళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి: ఎవరో ఇచ్చిందో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో ఒక చేపల తొట్టి ఇంటికొచ్చింది, ఇప్పుడు దాన్నేం చెయ్యాలి? ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం. అన్నీ మంచినీటి తొట్ల గురించే.

ప్రశ్న: మా బావగారు ఇల్లు మారుతూ మూడడుగుల అక్వేరియం మాకిచ్చారు. రెండేళ్లుగా స్టోర్‌రూమ్‌లో ఖాళీగా ఉందట. పగుళ్లేమీ కనిపించడం లేదు. నేరుగా నీళ్లు పోసెయ్యొచ్చా?

జవాబు: పొయ్యండి, కాకపోతే హాల్లో కాదు. నీళ్లు కారినా నష్టం లేని చోట, బాల్కనీలోనో బాత్‌రూమ్ బయటో పొయ్యండి.

ముందు లెక్క చూసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మీ తొట్టి 90 × 30 × 38 అనుకుంటే 102 లీటర్లు. అడుగున గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నిలిచే నీళ్లు 85 నుంచి 90 లీటర్లు. లీటరు నీళ్లు కిలో. రాళ్లు, అద్దం కూడా కలిపితే స్టాండ్ మీద పడే బరువు 125 కిలోలకు తగ్గదు. 36 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే ముందు అద్దం ఒక్కదాన్నే నీళ్లు దాదాపు 58 కిలోల బలంతో బయటికి తోస్తుంటాయి. ఇదంతా ఆపుతున్నది అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్న సన్నటి సిలికోన్ గీతే. అందుకే చూడాల్సింది పగుళ్లకన్నా ముందు ఆ గీతను.

అందులో రెండు భాగాలుంటాయి. రెండు అద్దాల అంచుల మధ్య ఇరుక్కుని ఉన్నది అసలు అతుకు. లోపలి మూలల్లో వేలితో దిద్దినట్టు కనిపించే పట్టీ దానికి కాపలా. పట్టీని గోటితో నొక్కండి. రబ్బరులా లోపలికి వెళ్లి తిరిగి రావాలి. అంచు లేచి గోటికి తగులుతున్నా, పొడిపొడిగా రాలుతున్నా పట్టీ పని అయిపోయినట్టే. అసలు అతుకును బయట నుంచి వెలుతురుకు పెట్టి చూడండి. అక్కడక్కడా చిన్న బుడగలుంటే ఫరవాలేదు. తెల్లటి మచ్చ అతుకు వెడల్పంతా, లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా పాకి ఉంటే అక్కడ సిలికోన్ అద్దాన్ని వదిలేసిందని అర్థం.

తర్వాత నీళ్ల పరీక్ష. రసమట్టం పెట్టి చదునుగా ఉందని చూసుకున్న నేల మీద థర్మోకోల్ షీట్ వేసి, దాని మీద పాత వార్తాపత్రిక పరిచి తొట్టిని పెట్టండి. అడుగున ప్లాస్టిక్ చట్రం ఉండి, అడుగు అద్దం గాల్లో ఉండే రకమైతే థర్మోకోల్ వద్దు, అది అద్దాన్ని కింది నుంచి పైకి తోస్తుంది. మూడో వంతు నింపి రెండు గంటలు ఆగండి. మరో వంతు పోసి మళ్లీ ఆగండి. పూర్తిగా నింపాక నీటి మట్టం దగ్గర టేపు ముక్క అంటించి, పైన ఏదైనా కప్పి 48 గంటలు, వీలైతే 72 గంటలు వదిలెయ్యండి. బయటి అతుకుల వెంట టాల్కం పౌడరు చల్లితే చెమ్మ ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపిస్తుంది. కప్పి ఉంచినా మట్టం ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగితే అది ఆవిరి. పత్రిక తడిస్తే కారుతున్నట్టే. ఎండిపోయిన పాత సిలికోన్ మొదటి రోజు బాగానే నిలిచి మూడో రోజు చుక్క వదలడం మామూలే, అందుకే ఒక్క పూట పరీక్షను నమ్మొద్దు.

ప్రశ్న: పరీక్షలో ఒక కింది మూల నుంచి చుక్కచుక్కగా కారుతోంది. బయట నుంచి ఆ మూలకు సిలికోన్ పూస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. బయట పూసిన సిలికోన్‌ను లోపలి నీళ్లు అద్దం మీద నుంచి ఊడగొట్టేలా తోస్తాయి. అదే లోపల పూస్తే నీటి ఒత్తిడే దాన్ని మూలలోకి అదిమి పెడుతుంది. ఇంకో చిక్కుంది. కొత్త సిలికోన్ పాత సిలికోన్‌కు అంటుకోదు. కారే మూలలో మాత్రమే అతికితే కొత్తా పాతా కలిసే చోట మళ్లీ దారి ఏర్పడుతుంది. కాబట్టి లోపలి పట్టీ మొత్తం, నాలుగు నిలువు మూలలూ అడుగున నాలుగు అంచులూ తీసేసి ఒకేసారి కొత్తగా వెయ్యాలి.

సిలికోన్ ట్యూబు మీద '100% సిలికోన్' అని ఉండాలి. బూజు పట్టకుండా మందు కలిపిన రకం, అంటే బాత్‌రూమ్‌లకు అమ్మేది, చేపలకు విషం. అక్వేరియంలకు వాడే మామూలు సిలికోన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది.

పాత పట్టీని కొత్త బ్లేడుతో రెండు వైపులా కోసి లాగండి. బ్లేడు మొన అద్దాల మధ్యకు దూరకూడదు, అక్కడున్నది అసలు అతుకు. కంటికి కనిపించని పొర ఇంకా మిగులుతుంది. దాన్ని బ్లేడును పడుకోబెట్టి గీకి, ఎసిటోన్‌లో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గానీ ముంచిన నూలు రాలని గుడ్డతో తుడవండి. వేలితో రాస్తే కిచకిచమనాలి. జారుతోందంటే ఇంకా సిలికోన్ ఉన్నట్టే. తుడిచాక మళ్లీ వేలు తగలనివ్వకండి, చేతి జిడ్డు చాలు పట్టు చెడడానికి.

మూల నుంచి 7, 8 మిల్లీమీటర్ల దూరంలో రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించండి. ముందు నిలువు మూలలు, తర్వాత అడుగు అంచులు. ఒక మూలను ఆపకుండా ఒకే లాగులో నింపి, గ్లవుజు వేసుకున్న వేలితో ఒక్కసారి దిద్ది, వెంటనే టేపు లాగెయ్యండి. అయిదు నుంచి పది నిమిషాల్లో పైన పొర కట్టేస్తుంది. ఆ తర్వాత టేపు లాగితే అంచు చిరుగుతుంది, దిద్దితే ముడతలు పడుతుంది. చాలామంది పని చెడగొట్టుకునేది ఇక్కడే, ఇంకొంచెం నున్నగా చేద్దామని మళ్లీ వేలు పెట్టి. సిలికోన్ గాల్లో తేమను పీల్చుకుని బయటి నుంచి లోపలికి గట్టిపడుతుంది, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లే. అందుకని కనీసం అయిదు రోజులు, వీలైతే వారం ఆగండి. తొట్టిలోకి తల పెట్టి చూస్తే వెనిగర్ వాసన పూర్తిగా పోయి ఉండాలి. అప్పుడు మళ్లీ 72 గంటల నీళ్ల పరీక్ష.

అసలు అతుకే వదిలేసిన తొట్టికి ఇదంతా చేసినా లాభం లేదు. అద్దాలు విప్పి మళ్లీ అతకాలి. చిన్న తొట్టికైతే చేసుకోవచ్చు. మూడడుగులు దాటితే దాన్ని చేపలకు కాకుండా మొక్కలు పెట్టుకోవడానికి వాడుకోండి.

ప్రశ్న: అద్దం మీద తెల్లటి గార పట్టింది. గిన్నెలు తోమే సబ్బుతో పోలేదు.

జవాబు: సబ్బు ఇకమీదట వద్దు. పూర్తిగా కడిగేశామనుకున్నా మూలల్లో మిగిలిన ఇసుమంత సబ్బు చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. ఇప్పటికే వాడారు కాబట్టి నాలుగైదు సార్లు నిండా నీళ్లు పోసి పారబోయండి.

గార అంటే నీళ్లు ఆవిరయ్యాక మిగిలిన సున్నం. దానికి మందు పుల్లటిదే. తెల్ల వెనిగర్‌లో ముంచిన టిష్యూ కాగితాల్ని గార మీద పరిచి గంటసేపు ఉంచండి. నిలబెట్టి ఉంటే కాగితం జారిపోతుంది కనుక గార పట్టిన అద్దం అడుగుకు వచ్చేలా తొట్టిని పక్కకు పడుకోబెట్టండి. తర్వాత తడిగా ఉండగానే బ్లేడును వాలుగా పట్టి గీకండి. బ్లేడు కింద ఒక్క ఇసుక రేణువు చిక్కినా అద్దం మీద ఆ గీత శాశ్వతం, ముందు తడి గుడ్డతో తుడిచి తీరాలి. మీది అద్దం కాక యాక్రిలిక్ తొట్టి అయితే బ్లేడు జోలికే పోవద్దు.

పాత తొట్టిలో చేపలు జబ్బుతో చచ్చాయని తెలిస్తే, సువాసన కలపని బ్లీచ్ ద్రావణం ఒక పాలు, నీళ్లు 19 పాళ్లు కలిపి తొట్టిని పదిహేను నిమిషాలు తడిపి ఉంచండి. బాగా కడిగి, క్లోరిన్ విరిచే మందు రెట్టింపు మోతాదులో వేసిన నీళ్లతో మరోసారి కడిగి, వాసన పోయేదాకా ఎండనివ్వండి. కొయ్య దుంగలకు, రంధ్రాలున్న రాళ్లకు బ్లీచ్ పట్టించకండి, లోపలికి పీల్చుకుని తర్వాత వదులుతాయి. వెనిగర్, బ్లీచ్ ఒకే రోజు ఒకే తొట్టిలో వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది మీ ఊపిరితిత్తులకే ప్రమాదం.

ప్రశ్న: లోపలి అద్దం మీద గీతలు. పాలిష్ చేయించొచ్చా?

జవాబు: వద్దు. గోటికి తగలని సన్నగీతలు నీళ్లు నింపగానే సగం మాయమవుతాయి. గోరు ఆగేంత లోతైన గీతా, అంచున చిప్పలా లేచిన ముక్కా ఉంటే మాత్రం ఆ అద్దం బలం తగ్గినట్టే, అలాంటి తొట్టిని తీసుకోకండి.

ప్రశ్న: తొట్టితో పాటు ఫిల్టర్, హీటర్, ఎయిర్ పంప్ వచ్చాయి. వీటిని నమ్మొచ్చా?

జవాబు: ఫిల్టర్‌ను చాలావరకు నమ్మొచ్చు, హీటర్‌ను నమ్మకూడదు.

ఫిల్టర్ మోటారు మూత విప్పితే అయస్కాంతపు చిన్న రెక్కల చక్రం, ఇంపెల్లర్, బయటికొస్తుంది. దాని చుట్టూ, అది కూర్చునే గుంటలో గార పట్టి ఉంటే తిరగదు, తిరిగినా గరగరమంటుంది. వెనిగర్‌లో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. మధ్యలో సన్నటి ఇరుసు వంగినా విరిగినా ఆ ముక్క మాత్రం మార్చుకుంటే చాలు. బయట పెట్టే క్యానిస్టర్ రకమైతే మూత కింది రబ్బరు రింగు చూడండి. చదునుగా అణిగిపోతే కారుతుంది. దానికి రాయాల్సింది సిలికోన్ గ్రీజు. పెట్రోలియం జెల్లీ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. అన్నీ బిగించాక ఒక రోజంతా బకెట్‌లో నడిపి చూడండి.

హీటర్ గొట్టం లోపల చెమ్మ కనిపించినా, అద్దం మీద వెంట్రుకంత చీలిక ఉన్నా అక్కడికక్కడే పారెయ్యండి. బాగున్నట్టు కనిపించినా థర్మోస్టాట్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి ఆగకుండా వేడెక్కిస్తూ పోవడం పాత హీటర్ల జబ్బు. బకెట్ నీళ్లలో హీటర్ మీదున్న గీత దాకా ముంచి, పావుగంట ఆగి స్విచ్ వేసి, 26 డిగ్రీలకు పెట్టి, విడిగా థర్మామీటరుతో ఒక రోజు చూడండి. రెండు డిగ్రీలకు మించి తేడా వస్తే కొత్తది కొనండి. మీ తొట్టికి 100 వాట్లు సరిపోతుంది. గది ఉష్ణోగ్రత ఏ కాలంలోనూ 24 దిగదంటే అసలు హీటరే అక్కర్లేదు. నీళ్లు మార్చే ముందు హీటర్ ఆపి పావుగంట ఆగాలి, వేడి గొట్టం నీళ్లలోంచి బయటపడితే పగులుతుంది.

ఎయిర్ పంప్‌ను నీటి మట్టానికి పైన పెట్టండి, లేదా గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకీ అక్కడి నుంచి నేల మీదికీ దిగుతాయి. ప్రతి వైరూ ప్లగ్గుకన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు వైరు మీద జారే చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. ఆ లైనుకు ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: పాత యజమాని ఫిల్టర్ స్పాంజిని, గులకరాళ్లను కవర్లో మూటకట్టి ఇచ్చి, 'బ్యాక్టీరియా ఉంది, అదే రోజు చేపలు వేసుకోవచ్చు' అన్నారు. నిజమేనా?

జవాబు: ఆ మూట విప్పి వాసన చూడండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అందులో పనికొచ్చేది చచ్చిపోయింది. ఎండిపోయి ఉన్నా అంతే.

చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం, మూడోది చాలా ఎక్కువైతేనే ఇబ్బంది, వారం వారం నీళ్లు మార్చి దాన్ని తగ్గించుకుంటాం. ఈ బ్యాక్టీరియా నీళ్లలో పెద్దగా ఉండదు, స్పాంజిని, రాళ్లను పట్టుకుని బతుకుతుంది. దానికి తడీ కావాలి, ఆక్సిజనూ కావాలి. మూటకట్టిన కవర్లో ఆక్సిజన్ గంటల్లోనే అయిపోతుంది. నడుస్తున్న తొట్టి నుంచి స్పాంజిని తీసి, అదే తొట్టి నీళ్లున్న మూత లేని డబ్బాలో పెట్టి గంటలో తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే ఆయన మాట నిజమయ్యేది.

ఇప్పుడు మొదటి నుంచి పెంచుకోవాలి. చేపలు లేకుండా ఫిల్టర్ నడుపుతూ నీళ్లలో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) ఉండేలా వెయ్యండి. 90 లీటర్లకు అమ్మోనియం క్లోరైడ్ అర గ్రాముకు కొంచెం పైన, 0.57 గ్రాములు. ద్రవ అమ్మోనియా వాడేట్టయితే సీసా ఊపి చూడండి. నురుగు నిలిస్తే అందులో సబ్బు కలిసింది, వద్దు. ద్రవ టెస్ట్ కిట్‌తో రెండు రోజులకోసారి కొలవండి. మొదటి వారం పది రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత అమ్మోనియా దిగి నైట్రైట్ పైకి లేస్తుంది. అమ్మోనియా సున్నాకు దిగినప్పుడల్లా మళ్లీ 2 పీపీఎంకు తెండి. నైట్రైట్ దిగడానికే ఎక్కువ కాలం పడుతుంది, ఓపిక నశించేది అక్కడే. వేసిన 2 పీపీఎం 24 గంటల్లో మాయమై, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే తొట్టి సిద్ధం. మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు. నీళ్లు 27, 28 డిగ్రీల్లో ఉంటే త్వరగా అవుతుంది, పీహెచ్ (నీళ్ల పులుపును చూపే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.5 కన్నా దిగితే బ్యాక్టీరియా పని మందగిస్తుంది. సిద్ధమయ్యాక సగానికి పైగా నీళ్లు మార్చి మర్నాడే చేపలు వెయ్యండి. రోజుల తరబడి ఖాళీగా ఉంచితే మేత లేక పెంచిన బ్యాక్టీరియా తగ్గిపోతుంది.

రాళ్ల సంగతి: బకెట్‌లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఒక రాయి మీద వెనిగర్ చుక్క వెయ్యండి, బుడగలొస్తే అందులో సున్నం ఉంది, నీళ్ల కాఠిన్యాన్ని పెంచుతుంది.

ప్రశ్న: ఇవేమీ తెలియక అప్పటికే ఆరు చేపలు వేసేశాం. పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

జవాబు: వెంటనే సగం నీళ్లు మార్చండి, క్లోరిన్ విరిచే మందు వేసిన, అదే ఉష్ణోగ్రత ఉన్న నీళ్లతో. రెండు రోజులు మేత ఆపండి, తర్వాత రోజు విడిచి రోజు చిటికెడు. అమ్మోనియా, నైట్రైట్ రోజూ కొలిచి, ఏది 0.5 పీపీఎం దాటినా మళ్లీ నీళ్లు మార్చండి. నైట్రైట్ ఎక్కువుంటే 10 లీటర్లకు 1 గ్రాము ఉప్పు కరిగించి కలపండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోనివ్వకుండా అడ్డుపడుతుంది. ఫిల్టర్ స్పాంజిని మాత్రం కడగొద్దు.

ప్రశ్న: కుళాయి నీళ్లా, బోరు నీళ్లా?

జవాబు: ఏదైనా సరే, ఏముందో తెలిసి వాడండి. కుళాయి నీళ్లలో మామూలు క్లోరిన్ ఉంటే ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంప్ గాలిని సన్నటి బుడగలుగా వదిలే రాయి) పెట్టి ఒక రోజు ఉంచితే పోతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ అలా పోదు, మందు వెయ్యాల్సిందే. బోరు నీళ్లకు క్లోరిన్ బెడద లేదు గానీ కాఠిన్యం ఎక్కువ కావొచ్చు. అప్పుడే తోడిన బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుండి పీహెచ్ తక్కువ చూపిస్తుంది. ఒక రోజు గాలి పట్టించి కొలిస్తే అసలు అంకె తెలుస్తుంది. కఠిన నీళ్లలో గప్పీలు, మోలీలు హాయిగా ఉంటాయి. నీళ్లతో కుస్తీ పట్టడంకన్నా నీళ్లకు తగిన చేపను తెచ్చుకోవడం తేలిక. ఆర్‌ఓ నీళ్లు ఒక్కటే వాడకండి, ఖనిజాలు ఉండవు. బోరు నీళ్లలో సగమో మూడో వంతో కలిపితే చాలు.

ప్రశ్న: నింపిన మూడో రోజుకు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. మొత్తం పారబోసి మళ్లీ నింపనా?

జవాబు: పారబోయకండి. నింపగానే వచ్చిన మసక అయితే రాళ్ల దుమ్ము, ఒక రోజులో కూర్చుంటుంది. మూడో రోజున వచ్చింది నీళ్లలో ఒక్కసారిగా పెరిగిన బ్యాక్టీరియా, నాలుగైదు రోజుల్లో దానంతటదే తేటబడుతుంది. మీరు మళ్లీ నింపితే అదీ మళ్లీ మొదలవుతుంది. పచ్చగా మారితే మాత్రం వెలుతురు ఎక్కువైనట్టు, లైటు రోజుకు ఆరు గంటలకు తగ్గించి, కిటికీ ఎండ పడకుండా చూడండి.

ప్రశ్న: చేపలతో సహా నడుస్తున్న తొట్టిని కొన్నాం. ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: చేపలు మూత ఉన్న బకెట్లో, పాత నీళ్లలోనే. ఫిల్టర్ స్పాంజి పైన చెప్పినట్టు తొట్టి నీళ్లలో. తొట్టి పూర్తిగా ఖాళీగా. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు, రాళ్లు ఉంచి ఇద్దరు పట్టుకుని మోస్తే ఆ బరువు ఊగి అతుకులు వదులుతాయి. రాళ్లను తీసి కడగాల్సిందే, ఏళ్ల మడ్డి కదిలితే అమ్మోనియా ఒక్కసారిగా లేస్తుంది.

ఇంకొక ప్రమాదం చాలామందికి తట్టదు. నీళ్లు మార్చకుండా ఏళ్లు నడిచిన తొట్టిలో పీహెచ్ 6 దాకా దిగి ఉంటుంది. అక్కడ అమ్మోనియా దాదాపు మొత్తం అమ్మోనియం రూపంలో ఉంటుంది, చేపలు తట్టుకుంటాయి. వాటిని పీహెచ్ 8 ఉన్న కొత్త నీళ్లలోకి మారిస్తే అందులో అయిదు శాతం దాకా విషపు అమ్మోనియాగా మారిపోతుంది. 'మంచి నీళ్లలో వేశాం, గంటలో చచ్చాయి' అన్న ఉత్తరాల్లో కొన్నింటికైనా కారణం ఇదే అయ్యుంటుంది. అందుకని బయల్దేరే ముందు పాత తొట్టి పీహెచ్, అమ్మోనియా కొలవండి. తేడా ఎక్కువుంటే చేపల్ని పాత నీళ్లున్న బకెట్‌లోనే ఎయిర్ స్టోన్ పెట్టి ఉంచి, ముందు అందులో మూడో వంతును అమ్మోనియా విషాన్ని కట్టడి చేసే కండిషనర్ కలిపిన నీళ్లతో మార్చి, తర్వాత రెండు మూడు గంటల మీద కొత్త నీళ్లు గ్లాసు గ్లాసుగా కలపండి.

ప్రశ్న: 90 లీటర్లలో ఏ చేపలు, ఎన్ని?

జవాబు: ఎనిమిది నుంచి పది నియాన్ టెట్రాలు, అడుగున ఆరు కోరిడోరాలు. నీళ్లు కఠినంగా ఉంటే టెట్రాల బదులు ఎనిమిది మగ గప్పీలు. ఆడవి కూడా తెస్తే నాలుగు నెలల్లో లెక్క మీ చేతుల్లో ఉండదు. పాచి తింటుందని చూపించి అమ్మే మామూలు ప్లెకో అంగుళమున్నప్పుడు ముద్దుగా ఉంటుంది, అడుగు దాటి పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్‌కూ ఈ తొట్టి చాలదు. టెట్రాలు గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి, రెండు తెస్తే మొక్క వెనకే ఉంటాయి.

అన్నీ ఒకేసారి తేవద్దు. మొదట అయిదు తెచ్చి, వారం పాటు అమ్మోనియా, నైట్రైట్ కొలిచి, రెండూ సున్నా నిలిస్తే మిగిలినవి. కవరును తొట్టి నీళ్లపై పావుగంట తేలనిచ్చి, లోపలికి కొద్దికొద్దిగా మీ నీళ్లు కలిపి, అరగంట తర్వాత చేపల్ని వలతో తీసి వెయ్యండి. కవర్లోని నీళ్లు మాత్రం సింకులోకి.